అర మిల్లీమీటరు తేడా

సగం కోత పూర్తయ్యేసరికి టేకు చెక్క ఒక్కసారిగా ఎగిరిపడింది. బ్లేడు పట్టేసింది. మోటారు మూలిగింది. చెక్కను తోస్తున్న ఎడమచేతి బొటనవేలు రంపం పళ్ల వైపు జారి, గోరు కొస లేచిపోయింది. రక్తం పెద్దగా రాలేదు. అయినా, హైదరాబాద్ కుషాయిగూడలో ఇంటి వెనక మెట్ల పక్కన రేకులు వేసి కట్టుకున్న చిన్న షెడ్డులో ఆ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు కాళ్ల వణుకు తగ్గడానికి పావుగంట పట్టింది. వేలికి గుడ్డ చుట్టుకుని ఇంట్లోకి వెళ్లి, చెయ్యి జారి గీసుకుందని తల్లికి చెప్పాడు. ఆమె నమ్మినట్టే కనిపించింది. ఆ ఇంట్లో నమ్మని మనిషి ఒకరున్నారు.

2024 నవంబరులో జరిగిన సంగతి ఇది. పెళ్లైన ఎనిమిదేళ్లకు చెల్లెలు పుట్టింట్లో ప్రసవించింది. ఆడపిల్ల. 21వ రోజున ఉయ్యాలలో వేయాలి. బజారులో దొరికే స్టీలు ఊయల వద్దని, టేకుతో తానే చేసిపెడతానని అన్న మాటిచ్చాడు. నేల మీద ఉండి, అడుగున రెండు వంపు బద్దల మీద ఊగే తరహా ఊయల అది. గోరు తెగిన నాటికి పిల్ల పుట్టి పదకొండు రోజులు. చేతిలో ఉన్నవి పదే.

అతనికి నలభై మూడేళ్లు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. షెడ్డులోని బ్యాండ్‌సా 2021లో రాణీగంజ్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. మూతపడ్డ ఒక ఫర్నిచర్ వర్క్‌షాపు సరుకు. రంగు వేసి ఉంది, మోటారు బాగుంది, ధర కూడా అందుబాటులో ఉంది. ఇంతకంటే చూడాల్సినవి ఉంటాయని అప్పటికి అతనికి తెలియదు.

తెలిసిన మనిషి అదే ఇంట్లో, మొదటి అంతస్తులో ఉంటారు. తండ్రి. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివి, 1971లో ఇరవై ఏళ్ల వయసులో నల్లగొండ జిల్లా నుంచి వచ్చి నగరంలోని ఒక మెషిన్ టూల్స్ ఫ్యాక్టరీలో చేరారు. 31 ఏళ్లు పనిచేశారు. అందులో ఎక్కువ భాగం స్క్రేపింగ్ సెక్షన్‌లోనే. 2002లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద బయటికొచ్చారు. పథకం పేరులో స్వచ్ఛందం ఎంతో, దరఖాస్తు మీద సంతకం పెట్టినవారిలో స్వచ్ఛందం ఎంతో ఆ రోజుల్లో ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసిన వారందరికీ తెలుసు. చిక్కడపల్లి నుంచి బాలానగర్ దాకా, మౌలాలి నుంచి రామచంద్రాపురం దాకా ఈ నగరంలో లేత్‌ల మధ్య జీవితం గడిపిన తరం ఒకటుంది. కవాడిగూడలో ఉండిన ప్రాగా టూల్స్ పేరు రాజ్యాంగ న్యాయం చదివే విద్యార్థులకు వేరే కారణంగా తెలుస్తుంది. ఉద్యోగాల కోతకు సంబంధించిన ఒక ఒప్పందం మీద అక్కడి కార్మికులు కోర్టుకెక్కితే, ప్రభుత్వానికి ఎంత వాటా ఉన్నా అది కంపెనీల చట్టం కింద ఏర్పడ్డ సంస్థే కనుక దాని మీద మాండమస్ రిట్ కుదరదని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. పాఠ్యపుస్తకాల్లో ఆ సంస్థ తయారుచేసిన యంత్రాల ఊసు ఉండదు. తీర్పు మాత్రం మిగిలింది.

ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ఏడాదే ఆయన కొడుకుతో ఒక మాట అన్నారు. నీ చేతికి నూనె అంటొద్దు. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న కొడుకు ఎంసీఏ చేశాడు, చేతికి నూనె అంటని ఉద్యోగం సంపాదించాడు. ఇరవై ఏళ్ల తర్వాత అతనే ఆటోట్రాలీలో బ్యాండ్‌సా దింపించుకుంటుంటే, పై నుంచి చూసి తండ్రి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. మూడేళ్లలో ఆ షెడ్డు గడప తొక్కలేదు. కొడుకు పిలవలేదు. ఇద్దరూ పంతం అనుకోలేదు కానీ, పంతమే.

ఈలోగా ఆయనకు పార్కిన్సన్స్ వచ్చింది. కుడిచెయ్యి వణుకుతుంది. విచిత్రం ఏమిటంటే, ఒళ్లో ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ వణుకుతుంది. ఏదైనా పట్టుకోబోతే కాస్త తగ్గుతుంది. ఈ జబ్బు తీరే అంత అని డాక్టరు చెప్పారు. పని లేకపోతేనే ఊగే చెయ్యి అని ఆయనే ఒకసారి ఎగతాళి చేసుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అడిగింది మూడే ప్రశ్నలు.

"ఏ ఏలు?"

"ఎడమ బొటనవేలు, నాయినా."

"చెక్క ఎగిరిందా, చెయ్యి జారిందా?"

కొడుకు కాసేపు పప్పు కలిపాడు. "చెక్కే ఎగిరింది."

"మరి చెయ్యి జారిందని మీ అమ్మతోటి ఎందుకు చెప్పినవ్?"

దానికి జవాబు రాలేదు. ఆయన కూడా ఆగలేదు, చెయ్యి కడుక్కుని లేచారు. మర్నాడు ఆదివారం. పొద్దున ఏడింటికి షెడ్డు తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. చేతిలో నూనెగుడ్డలో చుట్టిన పొట్లం ఒకటుంది.

బ్యాండ్‌సా గురించి తెలియనివారికి నాలుగు ముక్కలు. పైనా కిందా రెండు చక్రాలు, వాటి మీద పట్టీలా తిరిగే రంపం, ఆ రంపం మధ్యలోంచి దూసుకుపోయే ఒక పోత ఇనుప బల్ల. చెక్కను బల్ల మీద పెట్టి బ్లేడు మీదికి తోస్తే వంపులు కూడా సుళువుగా తెగుతాయి. 1809లోనే విలియం న్యూబెరీ అనే ఆయనకు లండన్‌లో దీని మీద పేటెంటు వచ్చింది. కానీ రెండు కొసలను కలిపిన చోట బ్లేడు పుటుక్కున తెగిపోతుండేది. తెగని అతుకు పద్ధతికి 1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పాలిన్ క్రెపాన్ అనే మహిళ పేటెంటు కోరేదాకా యంత్రం దాదాపు కాగితం మీదే ఉండిపోయింది. ఒక ఆలోచన ముప్పై ఏడేళ్లు ఒక అతుకు కోసం ఆగిందన్నమాట.

మొదలూ చివరా లేని ఆ బ్లేడుతోనే బల్లకు ఒక చిక్కు వచ్చింది. మామూలు రంపాన్ని పైనుంచి దించవచ్చు. చక్రంలా కలిసిపోయిన బ్లేడు బల్ల మధ్యలోకి చేరాలంటే బల్లకే దారి ఉండాలి. అందుకే నడిమి రంధ్రం నుంచి ఒక అంచు దాకా సన్నటి చీలిక కోస్తారు. ఈ యంత్రంలో అది కుడివైపు ఉంది. చీలిక పడ్డాక బల్ల ఒక్క పలక కాదు. తెరిచిన నోరు. ముందు పెదవి, వెనక పెదవి దేనికవి లేవగలవు, దిగగలవు. రెండింటినీ ఒకే మట్టాన ఉంచడానికి అంచు దగ్గర ఒక చీల బిగిస్తారు. అది కొసకు సన్నబడే చీల, టేపర్ పిన్. అంత పెద్ద యంత్రంలో చూపుడువేలంత ఉండదు. రాణీగంజ్‌లో ఎవరో దాన్ని పోగొట్టి, ఆ రంధ్రంలో మామూలు బోల్టు ఒకటి దిగ్గొట్టి అమ్మేశారు.

కొడుకు ఇవేవీ చూడలేదు. చూసిందల్లా చెక్క బల్ల మీద కుదురుగా జరగడం లేదని. బల్ల ఎగుడుదిగుడుగా ఉందని సరిగ్గానే అనుకున్నాడు. అక్కణ్నుంచి అన్నీ తప్పులే. రసమట్టం తెచ్చి బల్ల మీద పెట్టాడు. బుడగ ఎడమకు పోయింది. బల్ల అడుగున వాలును ఆపే స్క్రూ తిప్పి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా సర్ది, సమస్య తీరిందనుకున్నాడు. తర్వాత ఊయల కోసం రెండు చెక్కలను ఒకదాని మీద ఒకటి అతికించి వంపు కోశాడు. రెండూ కలిపి కోస్తే కవలల్లా రావాలి. విడదీసి చూస్తే పై బద్దకూ కింది బద్దకూ ఒకచోట మిల్లీమీటరు తేడా, ఇంకోచోట దాదాపు ఏమీ లేదు. నేల మీద పెట్టి ఊపితే ఊగుతూనే ఒక పక్కకు నడిచిపోతున్నాయి. పిల్లను వేసే ఊయల నడవకూడదు. బ్లేడు మొద్దుబారిందేమోనని కొత్తది వేశాడు. బ్లేడు పక్కల ఉండే గైడ్‌లు సర్దాడు. చివరికి బోల్టు వదులైందేమోనన్న అనుమానంతో సుత్తి తీసుకుని ఇంకాస్త దిగ్గొట్టాడు. ఆ తర్వాత పెట్టిన మొదటి చెక్కే ఎగిరింది.

ఈ కథంతా విన్నాక తండ్రి అడిగారు. "బోల్టును ఎన్నిసార్లు కొట్టినవ్?"

"రెండు మూడు సార్లు."

"రెండా, మూడా?"

లెక్కపెట్టలేదని కొడుకు ఒప్పుకున్నాడు. ఆఫీసులో ఏ కుర్ర టెస్టరైనా ఇలాంటి రిపోర్టు తెస్తే అతను తిప్పి పంపించేస్తాడు. తప్పు ఎప్పుడు కనిపించింది, దానికి ముందు ఏం మార్చావు, ఒకేసారి ఎన్ని మార్చావు అని రోజూ ఇతరులను అడిగే మనిషి, తన షెడ్డులో ఒకేసారి నాలుగు మార్చాడు.

"రసమట్టం ఎందుకు పెట్టినవ్?"

"బల్ల సమంగా ఉందో లేదో చూద్దామని."

"ఎవలతోటి సమం? నీకు భూమితోటి ఏం పనిరా? బ్లేడుతోటి కదా పని."

షెడ్డులో గచ్చు నీళ్లు పోవడానికి ఒక వైపు వాలుగా పోశారు. యంత్రం ఆ వాలు మీదే నిలబడింది. దాంతోపాటు బ్లేడూ అంతే వాలింది. దాని బల్ల దాని బ్లేడుకు నిటారుగా ఉంటే చాలు, యంత్రం మొత్తం కాస్త ఒరిగినా కోతకు నష్టం లేదు. కొడుకు బల్లను మాత్రం భూమికి సమం చేసి, బ్లేడుకు వంకర చేశాడు. రెండు బద్దలు కవలలు కాకపోవడానికి కారణం అదే. ఇది యంత్రం తప్పు కాదు, రెండు రోజులు కష్టపడి తెచ్చిపెట్టుకున్న తప్పు.

అప్పుడు నూనెగుడ్డ విప్పారు. అందులో ఒక చిన్న మూలమట్టం ఉంది, ఉక్కుది. ఐటీఐలో ఉన్నప్పుడు పరీక్షకు తన చేత్తో ఆకురాయి పట్టి చేసుకున్నది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని ఎప్పుడూ చూడలేదు. కొడుకు దాన్ని బ్లేడుకు ఆనించబోతే తండ్రి ఆపారు. ముందు మూలమట్టాన్నే పరీక్షించాలన్నారు. అంచు తిన్నగా ఉన్న పలక మీద దాన్ని ఆనించి ఒక గీత గీయించారు. తిరగేసి అదే చోట ఇంకో గీత గీయించారు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. యాభై మూడేళ్ల పరికరం అబద్ధం చెప్పడం లేదని తేలాక, ఆయన ముఖంలో మెరిసింది సంతోషమో గర్వమో గానీ, కొడుకు పెట్టిన కొత్త మూలమట్టం వంతు వచ్చేసరికి అది నవ్వుగా మారింది. దాని రెండు గీతలూ పైన కలిసి కింద విడిపోయాయి.

కొలతను దానితోనే తిరగేసి పరీక్షించడం ఆయన సెక్షన్‌లో నేర్పే మొదటి పాఠం. లేత్ బెడ్‌లు, పలకలు ఎంత పెద్ద మిషన్ మీద చేసినా చివరి చదును చేత్తోనే వచ్చేది. పలకకు నీలం రంగు పూసి ఇంకో పలక మీద రుద్దితే ఎత్తుగా ఉన్నచోట్ల నీలం అంటుతుంది. ఆ చుక్కలను స్క్రేపర్‌తో గీరేస్తారు. మళ్లీ రుద్దుతారు, మళ్లీ గీరుతారు. ఒక చదరపు అంగుళంలో ఎన్ని చుక్కలు సమంగా పడ్డాయన్నదే పనితనానికి లెక్క. కానీ రెండు పలకలే ఉంటే మోసం జరుగుతుంది. ఒకటి దొప్పలా, రెండోది బొడిపెలా ఉన్నా చక్కగా అతుక్కుంటాయి, రెండూ చదునుగా ఉన్నట్టే భ్రమ కలుగుతుంది. మూడో పలక ఉంటే ఈ ఆట సాగదు. మూడింటిలో ఏ రెంటిని కలిపినా అతకాలంటే మూడూ చదునుగా ఉండటం తప్ప మార్గం లేదు. ఈ పద్ధతిని 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో జోసెఫ్ విట్‌వర్త్ వివరించారు. దేని సాయమూ లేకుండా, ఏ ఆధారమూ అరువు తెచ్చుకోకుండా మూడు ఇనుప పలకలు ఒకదాన్నొకటి దిద్దుకుని నిజానికి చేరుకోవడం కంటే అందమైన రాజ్యాంగ సూత్రం వెతికినా దొరకదేమో. తండ్రి విట్‌వర్త్ పేరు మర్చిపోయారు. మూడో పలకను మర్చిపోలేదు.

పని మొదలైంది. ఆయన కుర్చీని బల్ల దగ్గరికి జరిపించుకుని, చూపుడువేలి గోరును చీలికకు అడ్డంగా ముందు నుంచి వెనక్కు లాగారు. టక్కున తగిలింది. వెనక నుంచి ముందుకు లాగారు. జారిపోయింది. "ఎనక పెదవి లేసింది. అర మిల్లీమీటరు." కొడుకు ఫీలర్ గేజ్ రేకులు ఒక్కొక్కటే దూర్చి చూశాడు. 0.50 రేకు బిగువుగా దూరింది. 0.55 దూరలేదు.

చెక్క ఎందుకు ఎగిరిందో దీంతో తెలిసిపోయింది. చెక్కను ముందు నుంచి వెనక్కు తోస్తారు. దాని ముందు అంచు చీలిక దాటుతూ వెనక పెదవిని కొట్టుకుంది. కొడుకు గట్టిగా తోశాడు. చెక్క మెట్టు ఎక్కినట్టు ఎక్కి ఒరిగింది. ఒరిగిన చెక్కను కిందికి దిగే బ్లేడు పట్టి లాగింది. అర మిల్లీమీటరు అంటే ఐదారు పోస్టుకార్డు పొరలు కూడా కాదు. వేలికి అంత చాలు.

బోల్టు విప్పడం అనుకున్నంత సులువు కాలేదు. డీజిల్ చుక్కలు వేసి ఆగమన్నారు తండ్రి. కొడుకు ఐదు నిమిషాలకే స్పానర్ తీశాడు. "ఆగమన్న." టీ వచ్చింది. తాగారు. పైన పిల్ల ఏడుపు వినిపించింది, ఆగింది. అరగంట తర్వాత బోల్టు కదిలింది. పూర్తిగా బయటికి లాగగానే బల్ల లోపలెక్కడో చిన్న చప్పుడైంది, ముడి విప్పుకున్నట్టు. ఫీలర్ గేజ్ మళ్లీ దూర్చితే 0.50 కాస్తా 0.20కి దిగింది.

పోత ఇనుము చల్లారేటప్పుడు పలచటి చోట ముందు గట్టిపడుతుంది, మందమైన చోట తర్వాత. ఆ ముందువెనకల వల్ల లోపల బిగువు దాక్కుని ఉంటుంది. అందుకే మంచి ఫౌండ్రీలు కాస్టింగ్‌ను పోసిన వెంటనే మెషినింగ్‌కు పంపేవి కావు. నెలల తరబడి ఎండకూ వానకూ పడేసేవి. తర్వాత రోజుల్లో కొలిమిలో 550, 600 డిగ్రీల దాకా వేడిచేసి నెమ్మదిగా చల్లార్చే పద్ధతి వచ్చింది. ఆ ఓపిక పట్టని బల్లను చీల్చితే పెదవులు తమంతట తామే కొంచెం పైకో కిందికో పోతాయి. టేపర్ చీల వాటిని బుజ్జగించి ఒకచోటికి తెస్తుంది. తిన్నని బోల్టు బుజ్జగించదు. దాన్ని ఏ వంకరలో కొడితే పెదవులను ఆ వంకరలోనే పట్టేస్తుంది. రెండో మూడో సుత్తి దెబ్బలు చేసింది ఇదే.

మిగిలిన 0.20 సంగతికి బల్ల కింద దూరాల్సి వచ్చింది. బల్ల అడుగున నెలవంకల్లాంటి రెండు పోత ఇనుప దిమ్మలుంటాయి, ట్రనియన్లు. బల్ల వీటి మీదే అటూ ఇటూ వాలుతుంది. చీలికకు ముందొకటి, వెనకొకటి. తండ్రి వంగలేరు. కొడుకు వెల్లకిలా పడుకుని, టార్చి వెలుగులో కనిపించింది కనిపించినట్టు చెప్పాడు. వెనక దిమ్మకూ బల్లకూ మధ్య ఏదో నల్లటి పొర. గోకితే రాలడం లేదు. "రంపప్పొట్టు. బంక పట్టి రాయైంది. ఎవలో బోల్టులు విప్పి, తుడవకుండనే మళ్లీ బిగించిండ్రు." బోల్టులు విప్పి, స్పిరిట్‌తో తుడిచి, బిగించారు. 0.10.

పదో వంతు మిల్లీమీటరు ఫర్వాలేదని చాలామంది వదిలేస్తారు. చెక్కపనికి అది నిజంగానే ఫర్వాలేదు. చెక్క ఒక వర్షాకాలంలో అంతకంటే ఎక్కువే ఉబ్బుతుంది. కొడుకు కూడా అదే అన్నాడు. తండ్రి జవాబివ్వకుండా గోరు లాగి చూపించారు. ఇంకా తగులుతోంది. ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింక్ క్యాన్ తెప్పించారు. తాగేసి, డబ్బాను కత్తెరతో కోసి, రేకును చదును చేయమన్నారు. క్యాన్ గోడ మందం రమారమి మిల్లీమీటరులో పదో వంతే ఉంటుంది. అంత మందంతో అంత సమంగా దొరికే రేకు అంత చౌకగా ఇంకెక్కడా దొరకదు. ఆ పట్టీని ముందు దిమ్మ కింద పెట్టి బిగించారు. ఈసారి గోరు అటు లాగినా ఇటు లాగినా జారిపోయింది. షుగర్ ఉన్న మనిషి ఇంట్లో ఆ కూల్‌డ్రింక్ ఎవరు తాగారన్నది తర్వాత తేలాల్సిన విషయం.

వాలు దిద్దడం పది నిమిషాల పని. బ్లేడును ముందుగా పూర్తి బిగువుకు తేవాలి, వదులు బ్లేడుకు నిటారు చూస్తే ప్రయోజనం లేదు. మూలమట్టాన్ని పళ్లకు కాకుండా బ్లేడు ఒంటికి ఆనించాలి, ఎందుకంటే పళ్లు అటొకటి ఇటొకటి విప్పారి ఉంటాయి. అడుగు స్క్రూ తిప్పి, వెలుతురు గీత మాయమయ్యేదాకా సర్దాడు కొడుకు. తన పాత మూలమట్టం మీద నమ్మకం ఉన్నా తండ్రి అక్కడితో ఊరుకోలేదు. ఒక వంద మిల్లీమీటర్ల ఎత్తు దిమ్మ తెమ్మన్నారు. మిషన్ వేసి దాని ముఖం మీద కొద్దిగా, గాటు పడేంత మాత్రమే కోయించారు. మిషన్ ఆపించి, దిమ్మను బ్లేడు వెనక్కు తీసుకెళ్లి, పైభాగం పైనే ఉంచి ముఖం మాత్రం తిప్పి, గాటును బ్లేడు వీపు మీదికి తెమ్మన్నారు. బల్ల ఏ మాత్రం వంకరగా ఉన్నా గాటు ఒక వైపు ఒరుగుతుంది, బ్లేడు ఇంకోవైపు ఒరుగుతుంది. తప్పు రెండింతలై కంటికి కనిపిస్తుంది. రసమట్టం ప్రకారం సర్దిన రోజున ఈ పరీక్ష చేసి ఉంటే రెండు మిల్లీమీటర్లకు పైగా తేడా కనిపించేది. ఇప్పుడు బ్లేడు వీపు గాటులోకి పాత చెప్పులోకి పాదం దూరినట్టు దూరింది.

"దీనికి మూలమట్టం కూడా అక్కరలేదు" అన్నాడు కొడుకు.

"అక్కరలేదు. నీ కాడ ఏదీ లేకున్నా చూసుకోవచ్చు" అన్నారు తండ్రి. ఆ మాటన్నప్పుడు కుడిచెయ్యి ఒళ్లో గట్టిగానే వణుకుతోంది. కొడుకు చూసి, చూడనట్టు దిమ్మ పక్కన పెట్టాడు.

చీల మిగిలింది. బోల్టు తిన్న రంధ్రంలోకి కొత్త టేపర్ పిన్ సరిగా కూర్చోదు. యాభై మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు చొప్పున సన్నబడే పిన్, అదే వాలున్న చేతి రీమర్, రెండూ రాణీగంజ్‌లో దొరుకుతాయి. సోమవారం సాయంత్రం కొడుకు ఒక్కడే వెళ్లబోతే తండ్రి చెప్పులు వేసుకున్నారు. రెండు దుకాణాలు తిరిగి, మూడోదాంట్లో పదిహేను పిన్‌లు పరిచి, ఒక్కొక్కదాన్ని అద్దం మీద దొర్లించి చూసి ఒకటి ఎంచారు. దుకాణదారుడికి విసుగొచ్చింది. అది ఆయన చెవికెక్కలేదు.

రీమింగ్ అంటే రంధ్రాన్ని కొత్త వాలుకు గీరడం. దానికి ముందు రెండు పెదవుల మీదా ఒక తిన్నటి ఇనుప బద్ద వేసి క్లాంపులతో బిగించారు. ఆ సమానత్వంలోనే రంధ్రం పడాలి. ఇది చేసే చెయ్యి వణకకూడదు. రీమర్ కొడుకు చేతికొచ్చింది. ఎప్పుడూ ముందుకే తిప్పాలి, బయటికి తీసేటప్పుడు కూడా వెనక్కు తిప్పకూడదు, తిప్పితే పళ్ల అంచు పోతుంది. రెండుసార్లు అలవాటుగా వెనక్కు తిప్పబోయాడు. రెండుసార్లూ ఆయన అరచెయ్యి అతని మణికట్టు మీద పడింది. అలా పట్టుకున్నప్పుడు అది వణకలేదు. వణకకపోవడం డాక్టరు చెప్పిన కారణం వల్లేనని ఇద్దరికీ తెలుసు.

పిన్‌ను బొటనవేలితో నొక్కి తిప్పితే దాదాపు చివరిదాకా దిగింది. చెక్క సుత్తితో ఒక్క దెబ్బ. "ఎన్ని?" అన్నారు తండ్రి. "ఒకటి" అన్నాడు కొడుకు.

కొత్త బద్దలకు టేకు మళ్లీ కొనాల్సి వచ్చింది. రెండు చెక్కలూ అతికించి కోసి, విడదీసి, వీపు వీపు ఆనిస్తే గోరుకు తేడా తగల్లేదు. మిగతా ఊయల పది రోజుల గడువులో ఒక రోజు ముందే పూర్తయింది. పాలిష్ వాసన పోలేదని చెల్లెలు గొడవ చేస్తే ఒక రాత్రంతా ఫ్యాను కింద పెట్టారు. ఆ వారం రోజుల్లో తండ్రి కొడుకుతో 2002 గురించి గానీ, చేతికి నూనె గురించి గానీ మాట్లాడలేదు. ఒకసారి మాత్రం, చిత్రిక పడుతుంటే చూసి, నీకు ఎవలు నేర్పిండ్రు అని అడిగారు. ఎవరూ నేర్పలేదని కొడుకు అన్నాడు. అందుకే అట్లుంది అన్నారు.

21వ రోజున చుట్టాలంతా వచ్చారు. పసుపు కుంకుమలు పెట్టి, పాట పాడి, పిల్లను ఊయలలో వేశారు. అందరూ పిల్లను చూస్తుంటే తాతగారు నేల మీద కూర్చుని, వంపు బద్ద ఆనిన చోట గచ్చు మీద సుద్దముక్కతో చిన్న గీత గీసి, ఊపమన్నారు. చాలాసేపు ఊపాక కూడా బద్ద గీత దాటలేదు. కానీ ఎడమవైపు పై అతుకు దగ్గర సన్నగా కిర్రుమంది. కొడుకు కంగారుగా వంగాడు. అది అతుకు, బల్ల కాదు, అన్నం తిన్నంక చూద్దామన్నారు తండ్రి.